పదిహేడు తర్వాత

సూర్యాపేటలో కొత్త బస్టాండు వెనక సందులో, ఎరువుల దుకాణం మీద, నాలుగు కంప్యూటర్ల ఆఫీసు ఒకటి ఉండేది. కింది నుంచి వచ్చే పురుగుమందుల వాసన సాయంత్రానికల్లా పైనున్నవాళ్ల చొక్కాలకు పట్టేది. ఆ ఆఫీసు శ్రీనాథ్‌ది. అందులో పనిచేసే ముగ్గురిలో ధర్మేందర్ ఒకడు. వాళ్లది మోతె దగ్గర పల్లె. ఇంట్లో తరాలుగా గొర్రెలు కాస్తారు. ఇంజనీరింగ్ చదివి మందను వదిలి బయటికొచ్చిన మొదటివాడు ధర్మేందరే.

అతను ఒంటిచేత్తో రాసిన మొదటి ప్రోగ్రాం ఒక స్కూలుకు. పిల్లల పేర్లు, హాజరు, మార్కులు, ప్రోగ్రెస్ కార్డులు అన్నీ అందులోనే. స్కూలు ఆఫీసులో ఒక కంప్యూటర్ మీద అది నడుస్తుంది. మిగతా గదుల్లో బ్రౌజర్ తెరిచి చూసుకుంటారు. కోదాడలోని ఆ ప్రైవేటు హైస్కూలూ, మిర్యాలగూడలో దాని బ్రాంచీ 2012 జనవరి నుంచి దాన్ని వాడుతున్నాయి. ఇది నిలబడితే ఇంకో మూడు స్కూళ్లు తీసుకుంటాయని శ్రీనాథ్ ఆశ. నిలబడకపోతే ధర్మేందర్‌ను ఉంచుకోవడం కష్టమని కూడా ఒకసారి, నవ్వుతూనే, అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున తొమ్మిదింటికి కోదాడ నుంచి స్కూలు కరస్పాండెంట్ కాశీరాం ఫోన్ చేశాడు.

"బాబూ, టెన్త్ క్లాసు పేజీ సగమే వస్తంది. పదిహేడు పేర్లు వచ్చి ఆడికి ఆగుతంది. కింద అంతా తెల్లగా ఉంది."

"నా సిస్టంల మంచిగనే వస్తున్నది సార్."

"నీ సిస్టం నెత్తిన పెట్టుకొచ్చి పేరెంట్స్‌కి చూపియ్యమంటావా? రెండింటికి మీటింగు పెట్టుకున్నా. ప్రీఫైనల్ మార్కులు. కార్డులు కంప్యూటర్లోంచే ఇస్తామని ఊరంతా చెప్పుకున్నా. రెండింటికి రాలేదంటే సోమవారం నుంచి మళ్లీ చేత్తోనే రాయిస్తా. ఇంక మీ ప్రోగ్రాం మీ దగ్గరే పెట్టుకోండి."

శ్రీనాథ్ పక్కనే నిలబడి విన్నాడు. "పోయి ఆయన ముందర కూసో ధర్మా," అన్నాడు. "ఒక్క మాట. ఎర్రర్లు కస్టమర్ కండ్లవడొద్దు. ఇంకొకటి, మీటింగ్ ముందు కోడ్ ముట్టకు. నడిచేదాన్ని కూడా చెడగొడతవ్. డేటాల ఏదన్న ఉంటే సరిచేసి రా."

హైవే వెడల్పు పని అప్పటికింకా పూర్తి కాలేదు. మునగాల దాటేదాకా బస్సు ఒకవైపు రోడ్డు మీదే, లారీల వెనక, దుమ్ములో నడిచింది. ధర్మేందర్ కిటికీ మూసుకొని దారంతా ఆ పేజీ గురించే ఆలోచించాడు. అతను వాడిన ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే ప్రోగ్రాం కట్టుకునే చట్రంలో, పని మూడు వాటాలుగా ఉంటుంది. ఒకటి వివరాలను దాచేది. ఒకటి అడిగినవాటిని వెతికి తెచ్చేది. మూడోది వ్యూ, తెచ్చినవాటిని తెర మీద వరుసగా పరిచేది. వ్యూ సొంతంగా ఆలోచించకూడదని పుస్తకాల్లో రాస్తారు. చేతికి ఇచ్చింది చూపించడమే దాని పని. ఇవ్వనిదాన్ని చూపించమంటే ఏం చేస్తుందో అతను పెద్దగా పట్టించుకోలేదు.

పదకొండింటికి స్కూలు ఆఫీసులో కూర్చున్నాడు. పేజీ తెరిచాడు. ఆడపిల్లల పేర్లు ముందు, మగపిల్లల పేర్లు తర్వాత, ఇంగ్లిష్ అక్షరాల వరుసలో. ఒకటి నుంచి పదిహేడు దాకా నిక్కచ్చిగా ఉన్నాయి. పదిహేడో నంబరు సంధ్య. ఆ కింద గీత కూడా లేదు. మిర్యాలగూడ బ్రాంచికి ఫోన్ చేసి అడిగితే అక్కడ పదో తరగతి పేజీ చివరిదాకా వస్తోందన్నారు. అదే ప్రోగ్రాం, అదే వ్యూ. అంటే తప్పు పేజీలో కాదు, ఈ క్లాసు వివరాల్లో ఉంది.

సంధ్య దగ్గర ఆగింది కాబట్టి సంధ్యనే పట్టుకున్నాడు. ఆమె ఇంటిపేరు తర్వాత ఒక చుక్క ఉంది, తీసేశాడు. తండ్రి పేరులో రెండు ఖాళీలున్నాయి, ఒకటి తగ్గించాడు. మార్కులన్నీ చెరిపి మళ్లీ ఎక్కించాడు. పేజీ అక్కడే ఆగింది. వ్యూల పాత నకళ్లు దాచే ఫోల్డరు ఖాళీ చేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. అక్కడే ఆగింది. తప్పులు రాసిపెట్టే ఫైలు తెరిస్తే అందులో ఒక్క అక్షరం లేదు. ఆ ఫైల్లో రాయడానికి ప్రోగ్రాంకు అనుమతి ఇవ్వడం జనవరిలో అతనే మరిచిపోయాడు.

స్కూలు ఆయా నాంచారమ్మ టీ తెచ్చి పెట్టింది. తెర వైపు చూసి, "ఇంకా రాలేదా బాబూ?" అంది. "మా సార్ పొద్దుట్నించి ఈ డబ్బా చుట్టూ పిల్లి తిరిగినట్టు తిరుగుతున్నాడు. టిఫిన్ కూడా తినలా."

పన్నెండు దాటాక ఫోన్ మోగింది. తండ్రి నర్సయ్య.

"ఏంరా బిడ్డా, గొర్లకు నట్టల మందు తెస్తనన్నవ్ గద. యాడున్నవ్?"

"కోదాడల ఉన్న బాపు. సాయంత్రం తెస్త."

"కోదాడల నీకేం పని?"

"స్కూల్ది పేజీ ఆగిపోయింది. పిల్లల పేర్లు వరుసగ రావాలె. పదిహేడొచ్చి ఆగుతున్నయ్. ఆ పదిహేడోదాన్నే గంట సంది సూస్తున్న. దాంట్ల ఏం లేదు."

 ఫోన్లో వెనక నుంచి తల్లి మైసమ్మ ఎవరి మేకనో, ఆ మేకగలవాళ్లనో తిడుతున్న చప్పుడు వినిపించింది.

"పదిహేడోది బయటికొచ్చిందా?"

"వచ్చింది."

"వచ్చినదాన్ని ఎందుకు పట్టుకున్నవ్ రా? దొడ్డి తడక తీస్తే గొర్లు ఒకదాని ఎనక ఒకటి ఎల్తయ్. నడుమ ఆగినయనుకో, బయటికొచ్చినదాని కాళ్లు సూస్తమా? లోపట తడక కాడ అడ్డం నిలవడ్డది ఏదో సూస్తం. అది జరిగితే ఎనకయన్ని వాటంతటవే వస్తయ్. గింత సదివి గిది తెల్వదా?"

 ధర్మేందర్ కూడా చిన్నప్పుడు ఆ తడక దగ్గర నిలబడ్డవాడే.

"ఎంతమంది పిల్లలు?" అన్నాడు నర్సయ్య.

"నలభై మూ..."

"ఏయ్, చెప్పకు. మందను పైకి లెక్కవెట్టొద్దు. నట్టల మందు యాదిమరువకు." ఫోన్ పెట్టేశాడు.

కాశీరాం వరండాలో కుర్చీలు వేయిస్తున్నాడు. ఆఫీసులో ఎవరూ లేరు. ధర్మేందర్ ఎర్రర్లు తెర మీద కనబడే అమరికను రెండు నిమిషాల కోసం తెరిచాడు. ఈసారి పదిహేడో వరుస కింద ఒక ఇంగ్లిష్ వాక్యం వచ్చింది. ఫైలు పేరు, అరవై నాలుగో లైను. లేనిదాన్ని పట్టుకొని విలువ అడుగుతున్నావని దాని సారాంశం.

అరవై నాలుగో లైను అతను రాసిందే. ప్రతి పేరుకూ ఒక మార్కుల చీటీ ఉంటుంది, ఆ చీటీలోంచి మొత్తం తీసి చూపించు అని. పద్దెనిమిదో పేరుకు చీటీయే లేదు. వ్యూ అక్కడ లేని చీటీని మొత్తం ఎంతని అడిగి, అక్కడే నిలబడిపోయింది. దాని వెనక ముగ్గురు ఆడపిల్లలు, మగపిల్లలందరూ. ధర్మేందర్ ప్రోగ్రాంలో టీచరుకు రెండే దారులు ఇచ్చాడు: మార్కులు వేయాలి, లేదా పరీక్షకు రాలేదని గుర్తు పెట్టాలి. ఏదో ఒకటి చేస్తేనే చీటీ పుడుతుంది. మూడోది ఒకటి ఉంటుందని అతనికి తట్టలేదు. సూర్యాపేటలో తను వేసుకున్న ఉత్తుత్తి పేర్లన్నింటికీ మార్కులున్నాయి. అందుకే అక్కడ పేజీ ఎప్పుడూ ఆగలేదు.

పద్దెనిమిదో పేరు తెరిచాడు. సరిత. తండ్రి ప్రశాంత్. తల్లి కరుణ, టీచరు. కింద ఉన్న ఫోన్ నంబరు ఎక్కడో చూసినట్టనిపించి, కాశీరాం పొద్దున ఇచ్చిన కాగితం తీశాడు. టెన్త్ క్లాస్ టీచర్, కరుణ మేడం. అదే నంబరు.

అతనికి నవ్వొచ్చింది. గంటన్నర తర్వాత దొరికింది కూడా ఇంత చిన్న సంగతి. కాశీరాం లోపలికి రాగానే, "దొరికింది సార్," అన్నాడు. "మేడం గారు క్లాసందరికీ మార్కులేసి సొంత బిడ్డకే మరిచిపోయిన్రు. వాళ్లను పిలిచి ఎయ్యమంటే రెండు నిమిషాల్ల అయిపోతది."

కాశీరాం వెనక్కి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ పిల్ల లేదు బాబూ," అన్నాడు. "నవంబర్లో పోయింది. జ్వరం. ఖమ్మం తీసుకుపోయారు. నాలుగు రోజులున్నది."

ధర్మేందర్ చేయి మౌస్ మీద నుంచి తీశాడు.

"నెల తిరక్కుండానే ఆమె డ్యూటీకొచ్చింది. ఇంట్లో ఉండి ఏం చేయను సార్ అన్నది. హాజరు రిజిస్టర్లో అట్లాంటి పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టాలి. పక్కన తారీఖు, నా సంతకం. రూలు. ఇవ్వాళ, రేపు అని నేనే జరుపుకుంటూ వచ్చా. నెలనెలా కొత్త పేజీలో పేర్లు రాసేది ఆమే. ఆ పేరూ రాస్తది. ఎదురుగా గళ్లు ఖాళీగా వదిలేస్తది. కంప్యూటర్లోకి పేర్లు ఎక్కించింది కూడా ఆ రిజిస్టరు చూసే. చూసి సంతకం పెడుతున్నా. ఏమనమంటావు?"

"ఏమంటరు సార్."

"అందుకే నువ్వు తీసెయ్." కాశీరాం గొంతు తగ్గించాడు. "ఆ పేరు ఇందులోంచి తీసేస్తే పేజీ వస్తదా రాదా?"

"వస్తది."

"తీసెయ్ మరి. ఆమె అడిగితే కంప్యూటరే తీసేసిందంటా. చీటీ లేని పేర్లు అది ఉంచుకోదంటా. కంప్యూటర్‌ను ఎవరేమంటారు? నేను నోటితో చెప్పలేనిది అది చెప్తది."

ఆయన మళ్లీ కుర్చీల దగ్గరికి వెళ్లిపోయాడు. ధర్మేందర్ పేర్ల జాబితా తెరిచాడు. ప్రతి వరుస చివరా ఒక చిన్న ఎర్ర గుర్తు. దాన్ని నొక్కితే, నిజంగా తీసేయాలా అని అడుగుతుంది. అవును, కాదు. ఆ ప్రశ్న కూడా అతను రాసిందే. రాసిన రోజు దాని గురించి ఆలోచించిన గుర్తు లేదు.

శ్రీనాథ్‌కు ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు.

"అయ్యో," అన్నాడు శ్రీనాథ్. కొంచెం ఆగి, "తీసెయ్ ధర్మా. పేరు వాళ్లది, స్కూలు వాళ్లది. వాళ్లే తీయమంటున్నరు గద."

"వ్యూల ఒక్క లైన్ మారిస్తే పేరు ఉండంగనే వస్తది అన్నా."

"టైమెంత?"

"ఒంటిగంటకు పది తక్కువ."

"మీటింగుకు గంట ముందు వ్యూ ముడతవా? ఏదన్న తేడా వస్తే పదిహేడు కూడ రావు. నీ ఇష్టం. నేనైతే తీసెయ్యమనే చెప్పిన."

ఫోన్ పెట్టేశాక ధర్మేందర్ లేచి పదో తరగతి గదికి వెళ్లాడు. కరుణ ఒక్కతే ఉంది. బెంచీలు గోడవారకు జరిపి, బల్లకు అటొకటి ఇటొకటి కుర్చీలు వేసుకుంది. బల్ల మీద హాజరు రిజిస్టరు, రెండు పెన్నులు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుంది.

"నమస్తే మేడం. ప్రోగ్రాం చేసినోన్ని. ధర్మేందర్."

"కూర్చోండి. పేజీ వచ్చిందా?"

"లేదు మేడం. పద్దెనిమిది కాడ ఆగుతున్నది." తర్వాతి మాట కోసం అతను వెతుక్కున్నాడు. దారిలో కూర్చుకున్నవేవీ పనికొచ్చేటట్టు లేవు. చివరికి పని మాటే అడిగాడు. "పద్దెనిమిదికి ఏం ఎయ్యమంటరు?"

 కరుణ గొంతు మామూలుగానే ఉంది, పిల్లలకు లెక్క విప్పి చెప్తున్నట్టు.

"మార్కులు వేయమని అడుగుతోంది మీది. రాయని పిల్లకు సున్నా వేస్తే తప్పు. రాసి తప్పినవాళ్లకు వేసేది సున్నా. రెండోది, రాలేదు అని పెట్టమంటుంది. అదీ తప్పే. రావాల్సి ఉండి రానివాళ్లను అంటాం రాలేదని. రెండూ చూశాను. రెండిట్లో ఏదీ నిజం కాదు. అందుకని ఏమీ వేయలేదు." ముందున్న రిజిస్టరు తెరిచింది. "దానివల్ల మిగతా పిల్లలవి ఆగిపోతాయని నాకు తెలియదు. తెలిస్తే ముందే మీకు చెప్పేదాన్ని."

"మీ తప్పు కాదు మేడం. నేనే రెండే పెట్టిన."

"పేరు తీసేస్తే వస్తుందా?"

అతను అబద్ధం చెప్పలేకపోయాడు. "వస్తది."

"సార్ తీయమన్నారా?"

అతను నేలకేసి చూశాడు. కరుణ రిజిస్టరు మూసింది.

"మూడు నెలల నుంచి ఆయన నాతో వాతావరణం గురించే మాట్లాడుతున్నారు," అంది. "ఎర్రసిరా పెన్ను జేబులోంచి తీస్తారు, మళ్లీ పెట్టుకుంటారు. ఈ క్లాసు ఏప్రిల్లో అయిపోతుంది బాబూ. అప్పుడు అందరి పేర్లూ పోతాయి. నేను అడిగేది అంతవరకే. కానీ దాని కోసం నలభై ఇద్దరి కార్డులు ఆపమని అడగను. వాళ్ల అమ్మానాన్నలు కూలి మానుకొని వస్తున్నారు. రెండింటికి మీవల్ల కాకపోతే తీసేయండి. నాతో చెప్పి తీయండి. కంప్యూటర్ తీసేసిందని చెప్పకండి."

"గట్లనే మేడం," అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "అక్కడ ఖాళీ అని రాయాల్నా, గీత పెట్టాల్నా?"

"ఏమీ వద్దు. ఖాళీగా ఉండనివ్వండి."

ఒంటిగంటా పదికి అరవై నాలుగో లైను తెరిచాడు. మొదలు పాత ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టుకున్నాడు. మొత్తం ఎంతని అడిగే ముందు, చీటీ ఉందా అని అడగాలి. లేకపోతే గడిని అట్లాగే వదిలి కిందికి పోవాలి. అంతే. ఆరు నిమిషాల్లో అయింది. పేజీ తిరిగి తెరిచేటప్పుడు మాత్రం చూపు తెర మీద నిలపలేకపోయాడు.

పదిహేడు, సంధ్య. పద్దెనిమిది, సరిత, పక్కన తెల్ల గడి. పంతొమ్మిది, శిరీష. తర్వాతవన్నీ వాటంతటవే వచ్చాయి. నలభై మూడు. చివర సగటు చూపే గడి దగ్గర అతను మళ్లీ ఆగాడు. అది పేర్లన్నింటినీ లెక్కేసి భాగిస్తోంది. పరీక్ష రాసినవాళ్లనే లెక్కేసేటట్టు మార్చాడు.

కాశీరాం వెనక నుంచి వంగి చూశాడు. వేలు పద్దెనిమిది దగ్గర పెట్టి, "తీయలేదా?" అన్నాడు.

"తీయకుండనే వస్తున్నది సార్. మేడంను అడిగిన."

"ఆమెను అడిగావా?" ఆయన ముఖం ఒక్కసారి తేలికైనట్టూ అయింది, భయపడ్డట్టూ అయింది. "ఏమన్నది?"

"ఏప్రిల్ దాక ఉండనియ్యమన్నరు."

కాశీరాం జేబులోని పెన్నులను ఒకసారి తడిమి చూసుకున్నాడు. "సరే. ప్రింటు మొదలుపెట్టు."

ఒకటీ నలభైకి ప్రింటరు పదిహేడు కార్డులు వదిలి ఆగిపోయింది.

 కార్డుల వ్యూ వేరే ఫైలు. అందులోనూ అదే ప్రశ్న, అదే తొందరలో రాసింది. వరండాలో చెప్పుల చప్పుడు మొదలైంది. నాంచారమ్మ ఎవరినో, "కూర్చోండి, కూర్చోండి, మీ వోడి గొప్ప ఇంకాసేపాగి చూద్దురు," అంటోంది. కాశీరాం వచ్చి గోడ గడియారం కింద నిలబడ్డాడు. ఈసారి ధర్మేందర్‌కు ఏ లైను వెతకాలో తెలుసు. ఇంకా ఎక్కడెక్కడ ఆ ప్రశ్న అడిగాడో అన్నీ వెతికాడు. ర్యాంకుల పేజీలో మరొకటి దొరికింది. ఆ రెండు చోట్లా కూడా ముందు చీటీ ఉందా అని అడిగించాడు. రెండింటికి ఎనిమిది నిమిషాలుండగా ప్రింటరు మళ్లీ కదిలింది. పద్దెనిమిదో కార్డు పేరుతో, తరగతితో, మార్కుల గళ్లన్నీ తెల్లగా బయటికొచ్చింది. దాని మీద పంతొమ్మిది, ఇరవై పడ్డాయి.

కార్డులు తీసుకెళ్లి కరుణ బల్ల మీద పెట్టాడు. ఆమె అంచులు సరిచేసి, "సగటు ఎంతమంది మీద తీశారు?" అని అడిగింది.

"రాసినోళ్ల మీదనే మేడం. నలభై ఇద్దరు."

"అది సరైన లెక్క," అంది.

వెనకే వచ్చిన కాశీరాం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, ఎవరన్నా చూసి అడిగితే..." అని ఆగిపోయాడు.

"నన్నే అడుగుతారు కదా సార్. చెప్తాను."

మీటింగు మొదలైంది. ధర్మేందర్ పని అయిపోయింది, వెళ్లిపోవచ్చు. కానీ ఇంకేదైనా ఆగుతుందేమోనని గది చివర బెంచీ మీద కూర్చున్నాడు. కరుణ నంబరు పిలుస్తోంది. తల్లో తండ్రో వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంటున్నారు. ఒక్కొక్కరికీ నాలుగు మాటలు చెప్పి, క్లాస్ టీచర్ అని ఉన్నచోట తను సంతకం చేసి, కార్డు వాళ్ల వైపు తిప్పుతోంది. తల్లిదండ్రుల సంతకం అని ఉన్నచోట వాళ్లు సంతకమో వేలిముద్రో పెడుతున్నారు. సంతకమైన కార్డులు ఎడమవైపు చేరుతున్నాయి.

పదిహేడో నంబరు వచ్చింది. సంధ్య తండ్రి, మఠంపల్లి రాళ్ల లారీ డ్రైవరు, లెక్కల్లో డెబ్బై ఒకటి చూసి, "నా పోలిక కాదు మేడం, వాళ్లమ్మ పోలిక," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన వంకరగా సంతకం పెట్టి లేచాడు.

ఎదుటి కుర్చీ ఖాళీ అయింది. కరుణ తర్వాతి కార్డు తీసింది. నంబరు పిలవలేదు. క్లాస్ టీచర్ అని ఉన్నచోట సంతకం చేసింది. కార్డును అలవాటుగా అటువైపు తిప్పింది. కొంతసేపు అది అట్లాగే బల్ల మీద ఉంది. తర్వాత తన వైపు తిప్పుకొని, తల్లిదండ్రుల సంతకం అని ఉన్నచోట మళ్లీ అదే సంతకం చేసింది. సిరా ఆరనిచ్చి, ఎడమవైపు కార్డుల మీద పెట్టింది.

"పంతొమ్మిది," అని పిలిచింది.

శిరీష వాళ్ల అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.